రేవు ఉత్తరాలు: ఆ బోటు ఇంతకుముందు ఏ నీళ్లలో తేలింది?

(మత్స్యశాఖ ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లకు పైగా నెల్లూరు, ప్రకాశం రేవుల వెంట తిరిగి, ఇప్పుడు కావలిలో విశ్రాంతిగా ఉంటున్న మా రచయిత్రి పాఠకులకు ఇచ్చే జవాబులు. ఈ నెల ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: బోట్ల అడుగున పట్టి ఊళ్లు మారే కొత్తరకం గుల్లలు.)

ప్రశ్న: అమ్మా, మాది ఇసకపల్లి. మా మేనల్లుడు పోయిన నెల పులికాట్ అవతల, తమిళనాడు వైపు నుంచి పాత బోటు కొనుక్కొచ్చాడు. ఉప్పుటేట్లో కట్టేశాం. పాటు సమయంలో చూస్తే అడుగునా, చుక్కాని దగ్గరా బొటనవేలి గోరంత నల్ల గుల్లలు గుత్తులు గుత్తులుగా పట్టి ఉన్నాయి. "గీకి ఏట్లో పారేస్తే సరి, ఆల్చిప్పలు మనకేమన్నా కొత్తా" అంటాడు మా అన్న. ఎవరో చదువుకున్న పిల్లోడు మాత్రం ప్రమాదం అన్నాడు. నిజంగా టెన్షన్ పడాల్సిన పనేనా?
— ఒక బోటు యజమాని

జవాబు: నాయనా, ముందు మీ అన్నను ఆపండి. నీళ్లలో ఉన్న బోటును నీళ్లలోనే గీకితే, ఇప్పటిదాకా ఒక్క బోటును పట్టుకుని ఉన్నవి ఏరంతా పడతాయి. పైగా గీకుడు దెబ్బకు బెదిరిన గుల్లలు ఉన్న గుడ్లన్నీ ఒక్కసారిగా నీళ్లలోకి వదిలేస్తాయి.

ఒక పని చేయండి. పాటులో దిగి ఒక గుత్తిని పట్టి మెల్లగా లాగండి. సులువుగా రాదు. వచ్చినప్పుడు దాని కింద కొబ్బరి పీచులాంటి సన్నటి గోధుమరంగు పోగులు వేలాడుతుంటాయి. ఆ పోగులతోనే అది బోటునూ, తాడునూ, పక్కనున్న గుల్లనూ పట్టుకుంటుంది. మనం ఏట్లో ఏరుకునే ఆల్చిప్ప బురదలో కూరుకుని బతుకుతుంది, బోటుకు పట్టదు. ఇలా పోగులతో అంటుకునే వాటిని మస్సెల్స్ అంటారు. వాటిలోనూ మనవి ఉన్నాయి. అంచు పచ్చగా మెరుస్తూ అరచేతి వెడల్పు దాకా పెరిగే పచ్చ మస్సెల్ మన సముద్రానిదే. కేరళలో కూర వండుకుంటారు. దానికి భయపడక్కర్లేదు.

నా భయం రెండింటితో. ఒకటి చర్రు మస్సెల్. దీని పుట్టిల్లు దక్షిణ, మధ్య అమెరికా తీరాలు. రంగు ఒక్కటే ఉండదు. నలుపు, ముదురు గోధుమ, పచ్చ, కొన్నిటి మీద వంకర గీతలు. కేరళలో అష్టముడి, కొచ్చి ఉప్పునీటి సరస్సుల్లోకి ఇది వచ్చిందని 2019లో శాస్త్రవేత్తలు రాశారు. తర్వాత ఎన్నూరులో, పులికాట్‌లో పట్టింది. అక్కడి తమిళ జాలర్లు దీన్ని 'కాకా ఆళి' అంటారు. వాళ్ల ఫిర్యాదు చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. రెండోది నల్లచారల మస్సెల్. కరీబియన్ వైపుది. 1967లోనే మన విశాఖ రేవులో కనబడింది. ఇది అంగుళం మించి పెరగదు. దగ్గరగా చూస్తే ఒక చిప్ప రెండోదాని మీదికి కొంచెం వాలినట్టు ఉంటుంది.

ఇవి చేసే నష్టం ఏమిటంటే, ఏటి అడుగున చాప పరిచినట్టు పరుచుకుంటాయి. ఇసుకా బురదా కలిసిన మెత్తటి నేల ఉంటేనే రొయ్య దూరుతుంది, ఎండ్రకాయ బొరియ చేసుకుంటుంది. ఆ నేల మీద గుల్లల చాప పడితే వాటికి చోటేదీ? నీళ్లలో కూర్చుని చేతులతో తడిమి రొయ్యలు పట్టే వాళ్ల చేతులకు ఆ పదును తగిలితే ఇంకేం వేట! వానలకు చప్పబడిన నీళ్లలోనూ, ఎండాకాలం ముదిరిన ఉప్పులోనూ చర్రు బతుకుతుంది. మన ఉప్పుటేళ్లు సరిగ్గా అలాంటివే.

కాబట్టి ఆ బోటును పోటు నీళ్లు అందని ఎత్తుకు లాగించండి. కింద టార్పాలిన్ పరిచి గీకండి. రాలినదంతా ఎత్తి, ఏటికి దూరంగా గుంట తీసి పూడ్చండి. బోటు అడుగున నిలిచిన నీళ్లు, ఇంజన్‌ను చల్లబరిచే గొట్టంలో మిగిలిన నీళ్లు ఇసుక మీదే కార్చేయండి. లంగరు తాడు, పాత వలలు ఎండలో విడదీసి ఆరేయండి. చుట్టగా ఉన్న తాడు పైకి ఎండినట్టే ఉంటుంది, లోపలి చుట్టలో చేయి పెడితే చెమ్మ తగులుతుంది. ఆ చెమ్మలో మస్సెల్ రోజుల తరబడి ప్రాణంతో ఉంటుంది. చేయి పట్టని సందుల్లో మరిగే నీళ్లు పోయండి. పది రోజులు ఎండనివ్వండి.

పూడ్చే ముందు మాత్రం పది గుల్లలు సీసాలో వేసుకుని, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసుకుని, ముత్తుకూరు మత్స్య కళాశాలకు తీసుకెళ్లండి. గుల్ల చూడకుండా పేరు పెట్టకూడదు. రూపాయి బిళ్ల ఎందుకంటే, ఫొటోలో సైజు తెలియాలి కదా.

ప్రశ్న: మేడమ్, కండలేరు క్రీకు పక్కన మాకు ఎనిమిదెకరాల రొయ్యల చెరువులున్నాయి. మోటారు దగ్గర ఫిల్టర్ వల కడతాం. ఈ గుల్లలు చెరువులోకి రాకుండా అది చాలదా?

జవాబు: చాలదు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల కంటికి ఆనదు. మొదట్లో వెంట్రుక మందమంత ఉంటుంది, రెండు మూడు వారాలు నీళ్లతో పాటు కొట్టుకుపోయి, తర్వాత దేన్నో పట్టుకుంటుంది. మీరు కట్టే వల కంటిలోంచి దూరిపోతుంది. నీళ్లు నేరుగా చెరువులోకి ఎక్కించకుండా రిజర్వాయర్‌లో నింపి బ్లీచింగ్ కొట్టే అలవాటు ఎలాగూ ఉంది కదా, అది తప్పకండి. పంట తీశాక మోటారు గొట్టాల లోపల టార్చిలైట్ వేసి చూడండి.

ప్రశ్న: నేను ఒంగోల్లో డిగ్రీ చదువుతున్నాను. అమెరికాలో బోటు ఏ చెరువు నుంచి వచ్చిందో రాష్ట్రాలన్నీ ఒకరికొకరు చెప్పుకుంటాయని చదివాను. అది ఎలా జరుగుతుంది? మనకు పనికొస్తుందా?

జవాబు: మంచి ప్రశ్న. దీనికి కొంచెం వివరంగా చెప్పాలి.

అక్కడి తగాదా జీబ్రా మస్సెల్, క్వాగా మస్సెల్ అనే రెండింటితో. రెండూ నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాలవి. మంచినీళ్లలో బతికేవి కాబట్టి మన ఉప్పుటేళ్ల కథ వేరు, కానీ పద్ధతి నేర్చుకోదగ్గది. ఓడలు బరువు కోసం నింపుకునే నీళ్లతో వచ్చి, 1988లో అక్కడి మహా సరస్సుల ప్రాంతంలో జీబ్రా కనబడింది. అక్కడికి వేల కిలోమీటర్ల దూరంలో, ఎడారి మధ్యనున్న లేక్ మీడ్ జలాశయంలో 2007 జనవరిలో క్వాగా దొరికింది. ఏ నదీ కలపని చోటికి అది ఎలా చేరింది? ట్రైలర్ మీద ఎక్కించి లాక్కెళ్లే బోట్లతో.

అప్పటినుంచి పశ్చిమ రాష్ట్రాలు రోడ్ల పక్కన, జలాశయాల గట్ల మీద బోట్ల తనిఖీ కేంద్రాలు పెట్టాయి. మొదట అడిగేది ఒక్కటే: ఈ బోటు చివరిసారి ఏ నీళ్లలో తేలింది, ఎప్పుడు? తర్వాత అడుగంతా చూస్తారు. అనుమానం ఉంటే అరవై డిగ్రీల వేడినీళ్లతో కడుగుతారు. కొలరాడోలో అయితే కడిగిన బోటును ట్రైలర్‌కు కలిపి ఒక సన్నటి తీగ సీలు వేసి రసీదు ఇస్తారు. సీలు తెగకుండా వచ్చిందంటే, మధ్యలో వేరే నీళ్లలో దిగలేదని అర్థం.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ రాసుకున్నదాన్ని పంచుకోవడం. తనిఖీ చేసినాయన ఫోన్‌లో ఎక్కించిన వివరం పక్క రాష్ట్రంలోని తనిఖీదారుకూ కనబడుతుంది. బోటు నంబరు కొట్టగానే అది ఎక్కడెక్కడ తిరిగింది, ఎప్పుడు కడిగారు అన్నది వస్తుంది. మస్సెల్స్ ఉన్న జలాశయం నుంచి బోటు బయల్దేరితే, అది చేరబోయే రాష్ట్రానికి ముందే కబురు వెళ్తుంది. నిన్ననే కడిగించుకున్న వాణ్ణి మళ్లీ గంటసేపు నిలబెట్టే పనీ ఉండదు. ఇంత చేసినా 2023 సెప్టెంబరులో ఐడహోలోని స్నేక్ నదిలో క్వాగా దొరికింది, రాగి మందు కలిపి చంపాల్సి వచ్చింది. అందుకని తనిఖీ దండగ అనుకోకు తల్లీ. మొదట్లోనే కనిపెట్టబట్టే నదిలో ఒక ముక్కకు మందు వేసే వీలు కలిగింది.

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో జరిగింది ఇంకా దగ్గరి ఉదాహరణ. అక్కడ పడ్డది మన విశాఖలో ఉన్న నల్లచారల మస్సెలే. 1999లో ఒక పడవల రేవులో కనబడగానే రేవులు మూసి, బ్లీచింగ్, మైలుతుత్తం కలిపి మొత్తం చంపేశారు. అలా చంపగలగడానికి రెండు కారణాలు. ఆ రేవులకు నీళ్లను ఆపే గేట్లున్నాయి. ఇంకొకటి, ఈ లోపల ఆ రేవు నుంచి బయటికి వెళ్లిపోయిన పడవలేవో లెక్క తీసి, తీరం వెంట వెతికి పట్టుకుని వందల పడవలు చూశారు. మన ఉప్పుటేటికి గేటు లేదు, ఏటిలో మందు కలపలేం. మన చేతిలో ఉన్నది ఆ లెక్క ఒక్కటే.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి మాట. వేట నిషేధం రోజుల్లో ఒక రేవులో ఒడ్డుకు లాగిన మరబోటు అడుగున గుత్తులు చూశాను. అలాంటివి అంతకుముందు చూడలేదు. బోటు నంబరు, తేదీ, 'అడుగున కొత్తరకం గుల్లలు' అని రిజిస్టర్‌లో రాశాను. ఏ జాతో తేల్చుకునేలోపే బోటు వెళ్లిపోయింది. ఏడాదిన్నర తర్వాత బదిలీ మీద ఉత్తరాన ఇంకో రేవుకు వెళ్లి, అక్కడి బీరువాలో పాత రిజిస్టర్ తిరగేస్తుంటే అదే నంబరు కనబడింది. నేను రాసిన మూడు వారాల తర్వాత తేదీ. పక్కన వేరే చేతిరాత: 'అడుగు గీకించారు, రేవులోనే.' నేను రాసింది ఆయనకు తెలియదు, ఆయన రాసింది నాకు తెలియదు. ఆ రెండు బీరువాల మధ్య బస్సులో రెండు గంటల దారి. నేను రాసి ఊరుకోకుండా ఉత్తరాన ఉన్న ఆ రేవుకు ఒక్క కార్డు ముక్క వేసి ఉంటే, గీకుడు ఒడ్డు మీద జరిగేది. ఆ పేజీ ఈరోజుకూ నా కళ్ల ముందే ఉంది.

ప్రశ్న: అమ్మా, నేను కొత్తపట్నం దగ్గర బోటు నడుపుతాను. బోట్ల రాకపోకల లెక్క రాయాలంటున్నారు కదా, యాడికి పోయినాం, యాడి నుంచి వచ్చినాం అని రాసిస్తే మా వేట చోట్లు బయటపడవా? రేపు ఏ స్కీమో ఆపేస్తే ఎట్టా?

జవాబు: మీ భయం న్యాయమైనదే అబ్బయా. చేపలు దొరికే చోటు తాతల నాటి ఆస్తి, దాన్ని ఎవరూ అడగకూడదు, మీరు చెప్పనూ కూడదు. ఎంత పడింది, డీజిల్ ఎంత పోయించారు అన్నవీ అక్కర్లేదు. కావలసింది బోటు మీద అందరికీ కనబడేలా ఎలాగూ రాసి ఉండే రిజిస్ట్రేషన్ నంబరు, ఇంతకుముందు కట్టేసి ఉన్న రేవు, అక్కడి నుంచి వచ్చిన తేదీ, అడుగు శుభ్రంగా ఉందా లేదా, ఒక ఫొటో. అంతే. ఈ కాగితాన్ని సబ్సిడీలకు, జరిమానాలకు వాడబోమని ముందే రాసివ్వాలని నేను గట్టిగా అంటాను. అబద్ధం రాసిన లెక్క కంటే లెక్క లేకపోవడమే నయం. భయపడ్డవాడు అబద్ధమే రాస్తాడు.

అందరినీ ఒకేలా అడగక్కర్లేదు కూడా. రోజూ వేట ముగించుకుని ఇసుక మీదికి లాగే ఫైబర్ బోటు అడుగు రోజూ ఎండుతుంది, దానితో పేచీ తక్కువ. నెలల తరబడి హార్బర్ నీళ్లలో నిలబడే మరబోట్లు, కొనుగోలు మీద ఊరు మారే పాత బోట్లు, పులికాట్ నుంచి, చెన్నై కాశిమేడు నుంచి వచ్చేవి, వీటిని చూస్తే ముప్పాతిక పని అయినట్టే. జువ్వలదిన్నెలాంటి హార్బర్లలో బోట్లు నీళ్లలోనే నిలబడతాయి కనుక అక్కడ మొదలుపెట్టాలి. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగుతుంది. బోట్లు ఒడ్డుకెక్కే సమయం అది, రంగులు వేయించే సమయం అది. అడుగు చూడటానికి అంతకంటే వీలు ఎప్పుడు దొరుకుతుంది? నీళ్లలో గీకకూడదని ఊరి పెద్దలు దురాయి (ఊరి కట్టుబాటు) చాటితే, ప్రభుత్వ జీవో కంటే ముందు అమలవుతుంది. ఇది నేను చాలా ఊళ్లలో కళ్లారా చూశాను.

పంచుకోవడానికి పెద్ద కంప్యూటర్ ఏమీ వద్దు. ప్రతి రేవు నుంచి ఒక కుర్రాణ్ణి ఎంచుకుని, అందరూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే చాలు. పులికాట్ అవతలి తమిళ జాలర్లను కూడా అందులోకి పిలవాలి. వేట హద్దుల గురించి వాళ్లతో మనకున్న గొడవలు నాకు తెలియనివి కావు. కానీ ఆ గుల్లతో నష్టపోయింది మొదట వాళ్లే. దాన్ని చూడగానే గుర్తుపట్టేదీ వాళ్లే.

ఈసారి నిషేధం మొదలైన వారం మీ ఊళ్లో పది బోట్లు చూద్దామంటే కబురు చేయండి, నేనే వస్తాను. రిజిస్టర్, పెన్సిళ్లు నావి. పెన్నులు వద్దు, తడి చేత్తో పట్టుకుంటే సిరా కారిపోయి నంబర్లు చెరిగిపోతాయి.