గడ్డిలో ఉన్నది సాలెపురుగు కాదు

సందేహం: మా అపార్ట్‌మెంట్ లాన్ అక్కడక్కడా ఎండిపోతోంది. 'సాడ్ వెబ్‌వర్మ్' పని అన్నారు. తోటమాలికి ఇద్దామని తెలుగులో ఒక కాగితం రాస్తూ దాన్ని 'గడ్డి సాలెపురుగు' అన్నాను, అది పెద్దదై ఎగిరితే 'సీతాకోకచిలుక' అన్నాను. "సాలెపురుగు గడ్డి మేస్తుందామ్మా?" అని ఆయన నవ్వాడు. ఏమని రాయాలి? – ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: ఆయన నవ్వులో న్యాయముంది. వెబ్‌కో మాట, వర్మ్‌కో మాట పెట్టుకుంటూ పోయారు, తీరా రెండూ కలిపేసరికి ఎనిమిది కాళ్లది తయారైంది. సాలె అంటే నేతగాడు కాబట్టి, విడదీసి చూస్తే మీ మాటలో తప్పేమీ లేదు, కానీ ఆ పేరు మనం ఎప్పుడో ఇంకో జీవికి రాసిచ్చేశాం.

చిత్తూరు వైపు మామిడి తోటల్లో అడగండి. ఆకులను దారాలతో దగ్గరికి లాగి కట్టేసుకుని లోపల కూర్చుని మేసేదాన్ని 'గూడు పురుగు' అంటారు. మీ లాన్‌లోదీ ఆ బాపతే. గడ్డి మొదళ్లలో పట్టుదారంతో సన్నటి గొట్టంలా గూడు అల్లుకుని, పగలంతా అందులో దాక్కుని, రాత్రి బయటికొచ్చి కొరుకుతుంది. ఎండిన చోటు అంచున గడ్డిని వేళ్లతో పాయలు తీసి చూడండి, ఆకుపచ్చగా చిన్న చిన్న పెంటికలు కనిపిస్తాయి. కాబట్టి 'గడ్డి గూడు పురుగు' అనండి చాలు.

ఇక ఎగిరేదాని సంగతి. సీతాకోకచిలుక అనగానే తోటమాలి రంగుల రెక్కల కోసం వెతుకుతాడు. అది ఇంగ్లిష్‌లో 'మాత్' అనేది. దానికి చిమ్మెట అనే మాట నిఘంటువుల్లో ఉంది, బైబిల్ చదివేవాళ్లకి బాగా తెలుసు కూడా, అయితే అది బట్టలు కొట్టేదిగానే మనసుకు తోస్తుంది. శలభం బాగానే ఉంటుంది గానీ మిడతకీ అదే మాట, ఆయన మిడతల మందు తెచ్చినా తేగలడు! వరిలో కాండం తొలిచే పురుగు, ఆకుముడత పురుగు దీని కుటుంబానివే, వాటి విషయంలో రైతులు రెక్కల పురుగు, తల్లి పురుగు అంటారు. నాకు 'తల్లి పురుగు' నచ్చుతుంది. సాయంత్రం లాన్‌లో నడిస్తే కాళ్ల ముందు నుంచి లేచి, వంకర టింకరగా నాలుగడుగులు ఎగిరి, రెక్కలను బీడీలా ఒంటికి చుట్టుకుని మళ్లీ గడ్డిపరక మీదే వాలుతుందే, అదే.

అన్నట్టు మీ కాగితంలో 'ఇవి ఎగురుతూ గడ్డి తింటాయి' అని ఉంటే కొట్టేయండి. తల్లి పురుగు గడ్డి జోలికి పోదు, గుడ్లు పెడుతుందంతే. తినేది లార్వా, అంటే గూట్లో దాక్కునే ఆ పిల్ల పురుగు. ఆ మాటను మాత్రం తెలుగు చేయకండి, మందుల కొట్లో కూడా లార్వా అనే అడుగుతారు.