పుచ్చిన వేప దుంగలో గుమ్మానికి చెక్క వస్తుందా?

మొదలు వైపు చివర అడుగు వెడల్పు తొర్ర ఉన్న దుంగ ఇది. పుచ్చు మొదలైంది ఆ చివర కాదు, పైన విరిగిన కొమ్మ దగ్గర. అక్కడ వాననీరు దిగి, బూజు పట్టి నడిమి చేవను తినేసింది. ఆ తొర్ర చూసి కట్టెలకు అమ్మేయకండి. ఎనిమిదడుగుల దుంగ మొత్తం అలాగే ఉండదు.

1. మిల్లుకు తోలకముందే పుచ్చిన చివర నుంచి అర అడుగు చొప్పున అడ్డంగా కోసుకుంటూ పోండి. అందరూ వదిలేసేది ఇదే. కోసిన ముఖం మీద రంగును నమ్మొద్దు. ఉలి మొన గుచ్చి పైకి లేపండి. పొడుగాటి పీచు చిటుక్కున లేస్తే చెక్క గట్టిది. రస్కులా పొట్టిగా విరిగితే పుచ్చే, ఇంకో అర అడుగు కోయండి. నల్లబడ్డా పీచు లేచిందంటే పలకలకు పనికొస్తుంది, దూలానికి మాత్రం వద్దు.

2. మేకులు చూడండి. ఊళ్లో వేపచెట్టుకు బోర్డులు కొట్టి ఉంటారు, రంపం పళ్లు పోతాయి.

3. పుచ్చు మధ్యగా దుంగను నిలువునా రెండు చేయించండి. తర్వాత బయటి వైపు నుంచి పలకలు తీస్తూ, మెత్తదనం తగలగానే ఆపమనండి. గుమ్మానికైతే బెరడు కింది తెల్లచెక్క కూడా తీసేయించండి, పురుగు ముందు పట్టేది దానికే.

4. కోసిన రోజే చివరలకు పెయింటు పూసి, రెండడుగులకో బద్ద పెట్టి నీడలో పేర్చండి. తేమ 20 శాతం లోపుకు దిగితే పుచ్చు ఇక పాకదు.

కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ పొడి మంచిది కాదు.