సినిమా గొడ్డలి చేసిన అబ్బాయిని ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు, కొబ్బరి వ్యవసాయం. మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. సెలవుల్లో వాళ్ల మేనమామ వెల్డింగ్ షెడ్డులో కూర్చుని, ఒక సినిమాలో హీరో పట్టుకున్న గొడ్డలిని 5 మి.మీ. ఇనప ప్లేటుతో, పిడికి ఇత్తడి రేకు చుట్టి, అచ్చం అలాగే చేశాడు. ఇత్తడి మాత్రం వంపు దగ్గర చిట్లిపోతోందని విసుక్కుంటున్నాడు. ఇక చదువు వద్దు, హైదరాబాదు వెళ్లి సినిమాలకు ఆయుధాలు చేస్తానంటున్నాడు. నాకేమో ఎంపీసీలో చేర్పించాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇత్తడి చిట్లిందన్నదే. సుత్తి దెబ్బలు పడేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. మధ్యలో ఆపి, రేకును మసక ఎరుపు వచ్చేదాకా కాచి చల్లార్చి, మెత్తబడ్డాక మళ్లీ కొడితే అదే రేకు చిట్లకుండా వంపు తిరుగుతుంది. పాత కంచరి పనివారికి ఇది చేతివాటంగా తెలుసు, టూల్ డిజైన్ (పనిముట్లు, అచ్చుల రూపకల్పన) చదివినవారికి కారణంతో సహా తెలుసు. మీ అబ్బాయికి ఓపిక, చేతి నైపుణ్యం ఉన్నాయి కానీ లోహం గుణం చెప్పే చదువు ఇంకా అందలేదు. కాబట్టి చదువు మానేస్తానన్న అతని మాటను నేను ఒప్పుకోను. అలాగని రెండేళ్లపాటు సుత్తి ముట్టకుండా హాస్టల్లో ఎంట్రన్సు పుస్తకాల ముందు కూర్చోబెట్టడం కూడా ఈ పిల్లవాడి విషయంలో నాకు సబబుగా తోచదు.

ముందు సినిమా పని సంగతి చూద్దాం. తెర మీద ఒకటే గొడ్డలిగా కనిపించేది చాలాసార్లు మూడు నాలుగు నకళ్లుగా ఉంటుంది. దగ్గరి షాట్లకు లోహంతో నగిషీలు చెక్కినది ఒకటి, పోరాటాలకు తేలికైన అల్యూమినియం లేదా ఫైబర్‌ది ఒకటి, మీద పడినా దెబ్బ తగలకుండా రబ్బరుదో ఫోమ్‌దో మరొకటి చేస్తారు. 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు ఉన్న 5 మి.మీ. ఇనప ప్లేటు పిడి లేకుండానే సుమారు 2.35 కిలోలు తూగుతుంది, అదే కొలతల అల్యూమినియం ప్లేటు 810 గ్రాములకు మించదు. రోజంతా టేకుల మీద టేకులు చేసే నటుడి చేతికి ఏది ఇవ్వాలో ఈ లెక్కే చెబుతుంది. అందువల్ల ఒక్క ఇనుము తెలిస్తే సరిపోదు, అచ్చు తీయడం, ఫైబర్ పోయడం, రంగుతో లోహపు మెరుపు తెప్పించడం కూడా రావాలి. పైగా సినిమాకు సెట్లు, వస్తువులు సమకూర్చే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పని సినిమా సినిమాకూ కుదిరేదే తప్ప నెలజీతం వంటిది కాదు. షూటింగులు లేని రోజుల్లో తిండి పెట్టే మరో పని చేతిలో లేకుండా పదహారేళ్ల పిల్లవాడిని అక్కడికి పంపవద్దు.

ఇక మీరు అబ్బాయిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఎవరో గీసిన బొమ్మను చూసి వస్తువు చేయడం ఇష్టమా, లేక ఆ బొమ్మను తానే ఊహించి గీయడం ఇష్టమా? రెండోదైతే దారి వేరు. ఏదో ఒక గ్రూపుతో ఇంటర్ పూర్తి చేసి, ఏదైనా ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) శిల్పకళ చదవవచ్చు. ఆ డిగ్రీ ఉంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ట్ డైరెక్షన్ పీజీ కోర్సుకు ప్రయత్నించవచ్చు.

మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే అతనిది మొదటి రకం అనిపిస్తోంది. అప్పుడు నా మొదటి ఎంపిక, హైదరాబాదు బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పదో తరగతి తర్వాత ఇచ్చే టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా. విజయవాడలోనూ దాని శాఖ ఉంది. అక్కడ డ్రాయింగు, ఆకురాయి పని, లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం), సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే యంత్రం) పని అన్నీ చేతులతో చేయిస్తారు. సీటు రాకపోతే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ద్వారా మూడేళ్ల మెకానికల్ డిప్లొమాలో చేర్పించండి. అది పూర్తయ్యాక డిప్లొమా వారికి పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు కనుక ఇంజనీరింగ్ తలుపు మూసుకుపోతుందన్న బెంగ మీకు అక్కర్లేదు. క్లాసు పాఠాలంటేనే పడకపోతే రెండేళ్ల ఐటీఐ ఫిట్టర్ ఉంది. అందులో చేరినా చిన్నతనంగా భావించకండి.

మన గోదావరి జిల్లాల్లో ఈ చేతికి సెలవుల్లో సాధన కరువు కాదు. మండపేట, తణుకు వైపు రైస్ మిల్లుల మరమ్మతు షెడ్లు, భీమవరం చుట్టూ చేపలు, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు బాగుచేసే చోట్లు, కొత్తపేటలో విగ్రహాల శిల్పశాలలు ఉన్నాయి. నన్నడిగితే కొత్తపేటకే పంపమంటాను, అచ్చు పని అక్కడ కళ్లారా చూస్తాడు. చేసిన ప్రతి వస్తువుకూ కొలతలతో డ్రాయింగు, పని మధ్యలో తీసిన ఫొటోలు దాచుకోమనండి. రేపు ఏ ఆర్ట్ డైరెక్టరైనా ముందు అడిగేది అవే.

షెడ్డులో గ్రైండర్ గార్డు తీసేసి వాడనివ్వకండి, కళ్లద్దాలు తప్పనిసరి. జీఐ రేకును (జింకు పూత వేసిన ఇనప రేకు) వెల్డింగ్ చేస్తే వచ్చే జింకు పొగతో చలిజ్వరం పట్టుకుంటుంది కనుక పూత తీసి, గాలి ఆడేచోటే చేయాలి.

చివరగా చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నియమాల ప్రకారం కత్తులు, యుద్ధపు గొడ్డళ్లతో పాటు 9 అంగుళాలకు మించిన పొడవో 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న బ్లేడు గల అలాంటి ఆయుధాలు కూడా ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటి వాడకానికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. అమ్మకానికి చేయాలంటే లైసెన్సు కావాలి. ఆటవస్తువుగా తప్ప మరెందుకూ పనికిరానిదాన్ని చట్టం ఆయుధంగా లెక్కించదు కానీ, పదును పెడితే తెగే 5 మి.మీ. ఇనప గొడ్డలికి ఆ మినహాయింపు వర్తిస్తుందని నమ్ముకోవద్దు. దాని అంచును గుండ్రంగా అరగదీయించి ఇంట్లోనే ఉంచండి. జాతరకో కాలేజీ ఫంక్షనుకో పట్టుకెళ్లనివ్వకండి, ఇంకొకటి చేసివ్వమని ఎవరైనా డబ్బిస్తామన్నా ఒప్పుకోనివ్వకండి. తర్వాతి వస్తువును ఫైబర్‌తోనో మెత్తటి అల్యూమినియంతోనో చేయమనండి.