చొక్కా ఒంటి మీద ఉండగా గుండీ కుట్టరాదు

పోయిన నెల చారిత్రక ప్రేమ నవలల గురించి రాస్తూ, అమెరికాలో షేకర్లు అనే మతసంఘం ఊళ్లలో నడిచే ప్రేమకథలంటే నాకు ఎందుకో ఇష్టం అని ఒక్క ముక్క అన్నాను. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు డాలస్‌లో ఇల్లు కొన్నారు. వంటింట్లో "షేకర్ క్యాబినెట్లు" పెట్టించామని ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. మీరన్న షేకర్లూ ఈ క్యాబినెట్లూ ఒకటేనా? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: ఒకటేనండి. చుట్టూ ఫ్రేము, మధ్యలో కాస్త లోపలికి ఉండే చదును పలక, చెక్కుడు పని ఎక్కడా ఉండదు, అదే షేకర్ తలుపు. హైదరాబాద్‌లో ఇంటీరియర్స్ చేసేవాళ్లు కూడా ఇప్పుడు ఆ పేరే చెబుతున్నారు. అక్కర్లేని నగిషీ అంటే గర్వం అని నమ్మిన మనుషుల నుంచి వచ్చిన పద్ధతి అది. జీవితాంతం బ్రహ్మచర్యం పాటించినవాళ్ల పేరు కొత్త కాపురాల వంటిళ్లలో మోగుతోందంటే నాకు భలే నవ్వొస్తుంది.

ప్రశ్న: నేనొక సీరియల్ రాస్తున్నాను. 1840ల్లో, కెంటకీ రాష్ట్రంలో ప్లెజెంట్ హిల్ అనే షేకర్ల ఊరు. అనాథగా వచ్చి అక్కడే పెరిగిన అమ్మాయి, కొత్తగా సంఘంలో చేరిన వడ్రంగి కుర్రాడు. అర్ధరాత్రి ఇద్దరూ గోడ దూకి పారిపోవడం క్లైమాక్స్. కానీ అక్కడ ఆడామగా కలిసి మాట్లాడుకోకూడదట కదా, మరి ప్రేమ సీన్లు ఎలా రాయాలి? పది వారాలుగా కథ ముందుకు కదలడం లేదు, ఒకటే టెన్షన్. (ఒక రచయిత్రి, విజయవాడ)

జవాబు: ముందు ఆ గోడ తీసెయ్యండమ్మా. ప్లెజెంట్ హిల్‌లో గోడలు లేవని కాదు, ఉన్నాయి, పొలాల చుట్టూ రాళ్లు పేర్చి కట్టినవి, కానీ అవి గొడ్ల కోసం. పెద్దవాళ్లు వెళ్లిపోవాలనుకుంటే తలుపు తీసుకుని వెళ్లిపోవచ్చు, చాలామంది వెళ్లారు కూడా. అక్కడ పెరిగిన పిల్లలు 21 ఏళ్లు వచ్చాక సంఘంలో ఉంటారో లేదో తేల్చుకుని ఒప్పందం మీద సంతకం పెట్టేవాళ్లు. బయటి లోకాన్ని వాళ్లు ఉత్త "ప్రపంచం" అనేవాళ్లు, ఎవరైనా వెళ్లిపోతే ఫలానా వాడు ప్రపంచంలోకి వెళ్లాడు అని డైరీలో రాసుకునేవాళ్లు, అంతే. తాళం లేని చోట తాళం బద్దలుకొట్టే సీను ఎంత బాగా రాసినా తేలిపోతుంది.

ఇక సీన్ల సంగతి. మీరు నియమాల వల్ల కథ ఆగిపోయింది అనుకుంటున్నారు, నేనైతే మీ కథ ఆ నియమాల్లోనే ఉందంటాను. 1845లో ఆ సంఘం తమ కట్టుబాట్లన్నీ కూర్చి ఒక పెద్ద జాబితా రాసుకుంది. ఆడవాళ్లూ మగవాళ్లూ మెట్ల మీద ఒకరినొకరు దాటుకుని పోకూడదు. చేతులు కలపకూడదు. రహస్యంగా కానుకలిచ్చుకోకూడదు. ఇంకొకటి ఉంది, అది చదివిన రోజు నేను పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను: చొక్కా ఒంటి మీద ఉండగా సిస్టర్ (సంఘంలోని ఆడవాళ్లను సిస్టర్, మగవాళ్లను బ్రదర్ అనేవాళ్లు) దానికి గుండీ కుట్టకూడదు! మన పాత సినిమాల్లో హీరోయిన్ గుండీ కుట్టి, దారం పంటితో కొరికే సీను గుర్తొచ్చిందా? ఎక్కడో ఒక చోట ఎవరో ఒకళ్లు అలా కుట్టి ఉండకపోతే దాన్ని నిషేధిస్తూ నియమం రాయాల్సిన అవసరం ఎందుకొస్తుంది చెప్పండి. ఇది నా ఊహే, కానీ నవల రాసేవాళ్లకు ఆ మాత్రం ఊహ చాలు.

పైగా బట్టల బాధ్యత ఎలా ఉండేదంటే, ఒక్కో బ్రదర్ బట్టలు చూసుకునే పని ఒక్కో సిస్టర్‌కి అప్పగించేవాళ్లు. ఉతికాయా, చిరిగాయా, కొత్తవి కావాలా అన్నీ ఆమే చూడాలి. అతను బదులుగా ఆమెకు కావాల్సిన చిన్నాచితకా చెక్కపని చేసిపెడతాడు. అంటే మీ అమ్మాయికి ఆ కుర్రాడి ముఖం సరిగా తెలియకపోయినా, అతని మోచేయి ఎక్కడ అరుగుతుందో, ఏ భుజం కుట్టు ముందు విడిపోతుందో తెలుస్తుంది. దీనికన్నా దగ్గరితనం ఏం కావాలి?

మాట్లాడుకోకూడదు అన్నది కూడా సగమే నిజం. 1790ల్లో వాళ్లు "యూనియన్ మీటింగ్" అని ఒకటి మొదలుపెట్టారు. వారంలో కొన్ని సాయంత్రాలు ఒక గదిలో నలుగురైదుగురు మగవాళ్లు ఒక వరస, అంతమంది ఆడవాళ్లు ఎదురు వరస, మధ్యలో ఐదడుగుల ఖాళీ, ఒళ్లో చేతిరుమాళ్లు పరుచుకుని గంటసేపు కబుర్లు. పంటలు, గొర్రెలు, వాన, ఎవరికి జ్వరమొచ్చింది, ఇవే. మతం సంగతులు కూడా కాదు. ఆ ఐదడుగుల దూరంలో మొక్కజొన్న ధర గురించి మాట్లాడుకుంటూ ఇద్దరు మనుషులు ఏమేం చెప్పుకోగలరో రాసిచూడండి, ఒక వారం సీరియల్ దానికే సరిపోతుంది.

కుర్రాడు వడ్రంగి అన్నారు కదా. అదృష్టవంతులు మీరు. ప్లెజెంట్ హిల్‌లో బయటివాళ్లతో లావాదేవీలు నడిపే ట్రస్టీల ఆఫీసు ఒకటుంది, 1839 నుంచి 1841 దాకా కట్టారు, మైకాజా బర్నెట్ అనే షేకర్ దాని రూపకర్త. లోపల రెండు మెలికల మెట్లు, అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా, మూడో అంతస్తు దాకా తిరుగుతూ వెళ్తాయి. మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు ఒకటి. ఆ చేతిపట్టా కొయ్య నునుపు చేసింది మీ వాడే అనుకోండి. ఆమె రోజూ దాని మీద చెయ్యేసి ఎక్కుతుందని అతనికి తెలుసు. ఇంక డైలాగెందుకు?

గులాబీల సంగతి కూడా చెప్పేస్తాను, ఎక్కడో ఒక చోట వాడుకుంటారు. షేకర్లు రోజ్ వాటర్ తయారు చేసేవాళ్లు, అమ్మకానికీ, ఆపిల్ పైల్లో వాసనకీ. పువ్వులు కోసేది సిస్టర్లు. తొడిమ బొత్తిగా లేకుండా రేకుల దగ్గరికి తుంచాలని నియమం, ఎందుకంటే తొడిమ ఉంటే బట్టలకు గుచ్చుకోవాలనో నీళ్లలో పెట్టుకోవాలనో బుద్ధి పుడుతుంది కాబట్టి. ఒక సిస్టర్ తర్వాతి రోజుల్లో తనే ఈ సంగతి రాసుకుంది. పొద్దున్నే పూలు కోసి ముందు జడలో తురుముకునే మన ఆడపిల్లలకు ఇది చదివితే చేతులు లాగేస్తాయి. మీ హీరో ఏమీ ఇవ్వక్కర్లేదు, ఆ బుట్టలో ఒకే ఒక్క పువ్వు తొడిమతో కనబడితే చాలు, ఊరు ఊరంతా గుసగుసలు.

ఒక్క విషయంలో మాత్రం మీతో గట్టిగా గొడవపడతాను. మీరు పంపిన సారాంశంలో ఎల్డ్రెస్ ఉంది చూశారూ, అదే, ఆడవాళ్లకు పెద్దదిక్కుగా ఉండే ఆవిడ, ఆమెను గయ్యాళి అత్తగారిలా రాశారు. వద్దు. ఆడవాళ్లు అక్కడికి ఎందుకు వచ్చి చేరారో ఒకసారి చూడండి. ఈ సంఘానికి తల్లిలాంటి ఆన్ లీ 1736లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఒక కమ్మరి ఇంట పుట్టింది. చదువు లేదు, చిన్నప్పటి నుంచీ బట్టల మిల్లులో పని. 1762లో పెళ్లి చేశారు. నలుగురు పిల్లలు పుట్టారు, నలుగురూ చిన్నతనంలోనే పోయారు. ఆ తర్వాతే ఆమె స్త్రీపురుష సంబంధమే పాపానికి మూలం అని చెప్పడం మొదలుపెట్టింది. జైలుకెళ్లింది, తన్నులు తింది, 1774లో కొద్దిమందితో ఓడెక్కి న్యూయార్క్ చేరింది, పదేళ్లకే, 1784లో చనిపోయింది. ఆమె సిద్ధాంతం నాకు ఒప్పుదలా అంటే కాదు. కానీ నాలుగు పురిళ్లు, నాలుగు పాడెలు చూసిన మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది, దాన్ని ఉత్త ఛాదస్తం అని కొట్టిపారెయ్యలేను.

సంఘంలో అధికారం కూడా జంటగానే ఉండేది, ఎల్డర్లు ఎంతమందో ఎల్డ్రెస్‌లు అంతమంది. ఆన్ లీ తర్వాతి తరంలో లూసీ రైట్ అనే ఆవిడ 1796 నుంచి 1821లో పోయేదాకా మొత్తం సంఘానికి పెద్దగా ఉంది. అప్పట్లో బయట పెళ్లయిన ఆడదాని ఆస్తి, సంపాదన మొగుడివి. కాబట్టి మీ అమ్మాయి ఆ కుర్రాడి వెంట వెళ్లిందంటే కడుపునిండా తిండి, వెచ్చని గది, కూడా పెరిగిన అక్కచెల్లెళ్లు, చివరికి తన మాటకున్న విలువ కూడా వదులుకుని వెళ్తోంది. ఆ లెక్క ఆమె చేత వేయించండి. వెళ్తుందో ఉంటుందో అప్పుడు చూద్దాం. నాకైతే, కుర్రాడు వెళ్లిపోయి ఆమె ఉండిపోయినా బాగానే ఉంటుంది, అతని చొక్కాలు ఇంకొకరికి సరిచేసి కుడుతూ. తిట్టుకోకండి.

ప్రశ్న: పెళ్లయినవాళ్లు ఈ సంఘంలో చేరితే ఏమవుతుంది? మొగుడూ పెళ్లాలు అన్నాచెల్లెళ్లయిపోతారా? వినడానికే ఎలాగో ఉంది. (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: అక్షరాలా అంతే. సంఘంలో అడుగుపెట్టాక ఆయన బ్రదర్, ఈవిడ సిస్టర్, పిల్లలు వేరే పెంపకందార్ల చేతికి. ఇద్దరికీ ఇష్టమైతే సరే. ఒకళ్లకే ఇష్టమైతేనే అసలు కథ. న్యూయార్క్ రాష్ట్రంలో జేమ్స్ చాప్‌మన్ అనే ఆయన భార్యకు చెప్పకుండా ముగ్గురు పిల్లల్నీ తీసుకుపోయి షేకర్లలో కలిశాడు. భార్య యూనిస్ ఊరుకోలేదు. అప్పటి చట్టం ప్రకారం పిల్లల మీద హక్కు తండ్రిదే, ఆ రాష్ట్రంలో విడాకులు కూడా వ్యభిచారం రుజువైతేనే ఇచ్చేవాళ్లు, బ్రహ్మచారిగా మారినవాడి మీద ఆ నేరం ఎలా మోపుతారు! ఆవిడ కరపత్రాలు అచ్చువేయించింది, శాసనసభ చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది, చివరికి 1818లో శాసనసభ ఆమె ఒక్కదాని కోసం ప్రత్యేకంగా చట్టం చేసి విడాకులిచ్చింది. పిల్లలూ దక్కారు. న్యూహాంప్‌షైర్‌లో మేరీ డయ్యర్ అనే మరొకావిడ కూడా ఐదుగురు పిల్లల కోసం ఇలాగే పోరాడింది కానీ ఆమెకు పిల్లలు దక్కలేదు.

ఇందులో రొమాన్స్ ఏముంది అంటారేమో. నిజమే, ఏమీ లేదు. పైన విజయవాడ రచయిత్రికి ఎల్డ్రెస్‌ని గయ్యాళిగా రాయొద్దన్నాను కదా, ఆ ఎల్డ్రెస్ గుమ్మంలో ఇలాంటి తల్లి ఒకతె వచ్చి నిలబడితే ఆవిడ ఏం చేస్తుంది అన్నది కూడా రాయమంటాను.

ప్రశ్న: పెళ్లిళ్లు లేవు, పిల్లలు లేరు, ఇంకా ఆ సంఘం ఉందా? ఈ ఎండాకాలం బోస్టన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. చూడటానికి ఏమైనా ఉందా? (దంపతులు, కాకినాడ)

జవాబు: బయటి నుంచి చేరేవాళ్లూ, వాళ్లు పెంచుకున్న అనాథ పిల్లలూ, వాళ్లతోనే సంఘం పెరిగింది. 19వ శతాబ్దం నడిమికి కొన్ని వేలమంది అయ్యారు. తర్వాత ఫ్యాక్టరీ కుర్చీలు, ఫ్యాక్టరీ చీపుళ్లు వచ్చి వాళ్ల వ్యాపారం దెబ్బతింది, కుర్రవాళ్లు పట్నాలకు పోయారు. ప్లెజెంట్ హిల్ 1910లో మూతపడింది. ఇప్పుడు మెయిన్ రాష్ట్రంలోని సబ్బత్‌డే లేక్ ఒక్క చోటే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది ఉన్నారు.

బోస్టన్ నుంచైతే హాన్‌కాక్‌కి వెళ్లండి. కారులో మూడు గంటలు పట్టొచ్చు. 1960 దాకా షేకర్లు ఉన్న ఊరు, ఇప్పుడు మ్యూజియం. 1826లో కట్టిన గుండ్రటి రాతి పశువుల కొట్టం తప్పక చూడాలి. నడుమ గడ్డి పోస్తే చుట్టూ ఆవులు తలలు అటు పెట్టి తింటాయి, ఒక్కడే పనివాడు తిరుగుతూ అన్నిటికీ మేత వేసెయ్యొచ్చు. ఆ తర్వాత 1830 నాటి ఇటుకల ఇల్లు. వందమంది దాకా ఉన్న ఇల్లది, గోడల పొడుగునా కొయ్య చిలకలు, ఊడ్చేటప్పుడు కుర్చీలు కూడా తగిలించేవాళ్లట.

ఆ ఇంట్లో మగవాళ్ల మెట్లు వేరు, ఆడవాళ్ల మెట్లు వేరు. మేం వెళ్లినప్పుడు మావారు సరదాకి, "పద్ధతి ప్రకారం పోదాం" అని అటువైపు మెట్లెక్కారు, నేను ఇటువైపు ఎక్కాను. పైకి చేరాక వెడల్పాటి నడవాకి ఆ చివర ఆయన, ఈ చివర నేను. గోడ మీద ఏదో రాసుంటే చదవబోయి జేబులు తడుముకుంటున్నారు. కళ్లజోడు నా బ్యాగులో ఉంది. కానుకలు ఇచ్చుకోకూడదు కదా అని నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన పెద్దగా నిట్టూర్చి, మళ్లీ కిందికి దిగి, చుట్టూ తిరిగి నా మెట్లెక్కి వచ్చి తీసుకున్నారు.