“పూర్వీకుల్లో ఎవరో” అన్న స్పాక్ మాటను పొరపాటని నేనెందుకు అనను

మీ ప్రశ్న ఇది: అంతరిక్ష ఓడ మీద నడిచే అమెరికన్ టీవీ సీరియల్ ‘స్టార్ ట్రెక్’ మొదట్లో, ఆ ఓడలో అధికారి అయిన స్పాక్ తన పూర్వీకుల్లో ఒకరు మానవ స్త్రీని పెళ్లాడారంటాడు. తర్వాత చూస్తే కన్నతల్లే భూమి మనిషి. మరి అతను సగం మనిషా, ఏ పదహారో వంతో మనిషా?

సగమే. తండ్రి సారెక్ వల్కన్, అంటే మనసులోని భావాలను బయటపెట్టని వేరే గ్రహం జాతివాడు; తల్లి అమాండా మనిషి. దాని గురించి నాకు సందేహం లేదు. అయితే ఆ మొదటి మాటను రచయితల పొరపాటని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. పదకొండేళ్ల వయసులో అచ్చం ఆ మాటే నేనూ అన్నాను.

నాన్నది సోంపేట, అమ్మది కటక్. నాన్న ఉద్యోగం గుంటూరులో కాబట్టి నేను పెరిగింది అక్కడే. అమ్మ తెలుగు బాగానే నేర్చుకుంది గానీ, ఆమె నోట అకారాలన్నీ ఒకారాల వైపు జారేవి. ఎదురింటి రమణ ఆమెకు ‘రొమొణొ’. ఇంట్లో ఆమెను ‘బోఉ’ అని పిలిచేవాణ్ణి, బడి గేటు దగ్గరికొచ్చేసరికి ‘అమ్మా’ అనేవాణ్ణి. ఆరో తరగతిలో పక్క బెంచీ వాడు “మీరు ఒడియావాళ్లంట కదరా?” అని అడిగాడు. “కాదురా, మా ముత్తాతల్లో ఎవరో అటువైపు అమ్మాయిని చేసుకున్నార్లే” అన్నాను. వాడు వెక్కిరించలేదు, ఊరికే అడిగాడు. నేనే అమ్మను ఒక్క మాటతో మూడు తరాల వెనక్కి నెట్టేశాను.

అందుకే ఇంజనీరింగ్ హాస్టల్లో రూమ్మేటు కంప్యూటర్లో ఆ సీన్ చూసినప్పుడు ఉలిక్కిపడ్డాను. 1965లో తీసిన రెండో పైలట్ (సీరియల్‌కు ముందు నమూనాగా తీసే ఎపిసోడ్) అది, 1966 సెప్టెంబరు 22న ప్రసారమైంది. స్పాక్, ఓడ కెప్టెన్ కిర్క్ చదరంగం ఆడుతుంటారు. పూర్వీకుల మాట రాగానే కిర్క్, అలాంటి చెడ్డ రక్తం ఉండటం ఎంత ఘోరమో అంటాడు. వేళాకోళమే, ఇద్దరూ స్నేహితులే. కానీ ఆ వేళాకోళం తల్లి మీద పడటం ఏ కొడుక్కి ఇష్టం?

“అప్పటికి రచయితలకే ఏమీ తేలలేదు, నువ్వు అతిగా ఆలోచిస్తున్నావ్” అన్నాడు రూమ్మేటు. తెర వెనక సంగతి అదే అయ్యుండొచ్చు. తెర మీద ఏం జరిగిందో కూడా చూడాలి కదా. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 29న, ‘ది నేకెడ్ టైమ్’ వచ్చింది. ఒక అంటురోగం ఓడలో వాళ్ల మనసుకున్న కట్లన్నీ తెంచేస్తుంది. స్పాక్ ఒంటరిగా కూర్చుని ఏడుస్తాడు. అప్పుడు పూర్వీకులు గుర్తుకు రారు. అమ్మను ప్రేమిస్తున్నానని ఆమెకు ఎప్పుడూ చెప్పలేకపోయానంటాడు. ప్రేమను చూపించడమే తప్పనుకునే లోకంలో బతికిన భూమి స్త్రీ ఆమె అంటాడు. మనసు అదుపులో ఉన్నప్పుడు ‘పూర్వీకులు’, అదుపు తప్పితే ‘అమ్మ’. ఈ రెండు మాటలూ ఒకే మనిషివని నమ్మడానికి నాకింకేం కావాలి?

పుట్టుక గురించి అతని గుట్టు కిర్క్ దగ్గర కూడా ఎంతకాలం దాగిందో 1967 నవంబరు 17న వచ్చిన ‘జర్నీ టు బేబెల్’లో తెలుస్తుంది. డి.సి. ఫాంటానా రాసిన ఎపిసోడ్ ఇది. వల్కన్ గ్రహం చేరాక, కిందికి దిగి అమ్మానాన్నలను చూసి రమ్మంటాడు కిర్క్. ఎదురుగా నిలబడ్డ వల్కన్ రాయబారి సారెక్, ఆయన భార్యే తన తల్లిదండ్రులని స్పాక్ అప్పుడు చెబుతాడు. ఇన్నాళ్లు పక్కనే పనిచేసిన కెప్టెన్‌కు ఆ సంగతే తెలియదు! తండ్రీకొడుకులు పద్దెనిమిదేళ్లుగా తండ్రీకొడుకుల్లా మాట్లాడుకోలేదు. అయిదేళ్లప్పుడు తోటి పిల్లలు “నువ్వు అసలు వల్కన్‌వే కాదు” అని ఏడిపిస్తే, స్పాక్ పెదవి బిగబట్టుకుని ఇంటికి రావడం అమాండా గుర్తుచేస్తుంది. నేను ఆ ఎపిసోడ్ ఆపి కాసేపు బయటికెళ్లొచ్చింది అక్కడే.

స్పాక్ రక్తం వల్కన్లలాగే ఆకుపచ్చగా ఉంది కాబట్టి మనిషి పాలు తక్కువే ఉండాలని వాదించేవాళ్లకూ అందులోనే జవాబుంది. సారెక్‌కు గుండె ఆపరేషన్ చెయ్యాలి, టి-నెగటివ్ అనే అరుదైన వల్కన్ గ్రూపు రక్తం కావాలి. కొడుకు రక్తం ఉంది, కానీ అందులో మానవ అంశాలున్నాయి, వాటిని వడకట్టాలంటారు. తండ్రి ప్రాణం నిలబెట్టడానికి కొడుకులో ఉన్న తల్లిని వడకట్టాలి. ఇంతకన్నా స్పష్టంగా వంశవృక్షం గీసిన సీన్ ఆ సిరీస్‌లో నాకు కనిపించలేదు.

ఈ చర్చ తెలివితేటల పోటీ మాత్రమే అనుకునేవాళ్లకు ఒకటి చెప్పాలి. 1968లో, తల్లి నల్లజాతి, తండ్రి తెల్లజాతి అయిన ఒక అమెరికన్ అమ్మాయి ఒక పత్రిక ద్వారా స్పాక్‌కు ఉత్తరం రాసింది, రెండు వైపులా తనకు చోటు లేదని. స్పాక్ వేషం వేసిన లెనార్డ్ నిమోయ్ ఆమెకు అచ్చులో వివరంగా జవాబిచ్చాడు. ఆ అమ్మాయికి స్పాక్ తల్లి ఎవరన్నది చిన్న విషయం కాదు.

పోయిన సంక్రాంతికి అమ్మ మా ఇంటికొచ్చినప్పుడు ‘జర్నీ టు బేబెల్’ పెట్టాను, పక్కన కూర్చుని ఒడియాలో చెబుతూ. ఓడలు, యుద్ధం ఆమెకు పట్టలేదు. అయిపోయాక అడిగింది ఒక్కటే: “ఆ అమాండా పుట్టింటికి ఎప్పుడైనా వెళ్లొచ్చిందా?”