డాక్టర్ సలహా: కీమోతో పాప జుట్టు ఊడిపోతోంది.. ఏ నూనె రాయాలి?

ప్రశ్న: మా పాపకు 7 ఏళ్లు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఒక రకం రక్తక్యాన్సర్) అని తేలింది. కీమో మొదలుపెట్టి 18 రోజులైంది. నాలుగు రోజులుగా తల దువ్వితే జుట్టు గుప్పెళ్లుగా ఊడి వస్తోంది. పాప నిద్ర లేచేలోపే దిండు మీది వెంట్రుకలు ఏరేస్తున్నాను. ఏ నూనె రాస్తే ఆగుతుంది? తెలిసినవాళ్లు బయాటిన్ మాత్రలు, ఏదో మూలికల పొడి ఇచ్చారు. వాడొచ్చా? గుండు చేయించాలా? స్కూల్లో పిల్లలు ఏడిపిస్తారేమోనని భయంగా ఉంది. నిన్న, మొన్న ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటే ఇంట్లో ఉన్న పారాసెటమాల్ సిరప్ పట్టించాను, తగ్గింది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, జుట్టు సంగతి చెప్తాను. ముందు ఆ సిరప్ సంగతి మాట్లాడుకోవాలి.

కీమో తీసుకుంటున్న పిల్లలకు ఒంటి వేడి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ చేరితే అది ఎమర్జెన్సీయే. సూక్ష్మక్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఒక మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గినప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో రక్తంలోకి పాకిపోతుంది. గొంతులో చీము, పుండు చుట్టూ ఎర్రదనం లాంటి గుర్తులు సరిగా కనిపించవు. ఆ చీము కట్టే కణాలే లేవు కదా! చాలాసార్లు మాకు దొరికే ఆనవాలు జ్వరం ఒక్కటే. సిరప్ పట్టిస్తే ఆ ఆనవాలు చెరిగిపోతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల అలాగే ఉంటుంది. పైగా చికిత్స తొలి నెలలో స్టెరాయిడ్ ఇస్తారు. అదీ జ్వరాన్ని పైకి రానివ్వదు. అందుకే ‘కాస్త వెచ్చగా’ అన్న మాట నాకు నచ్చలేదు.

ఇది చదివేసరికి పాపను ఇంకా చూపించకపోతే, ఇప్పుడే మీ క్యాన్సర్ యూనిట్‌కు ఫోన్ చేయండి. ఎన్ని రోజులు వెచ్చగా ఉంది, సిరప్ ఎప్పుడెప్పుడు ఎన్ని మిల్లీలీటర్లు పట్టించారు, అన్నీ చెప్పండి. ఫోన్ ఎత్తకపోతే నేరుగా వెళ్లండి. ఇకపై చేత్తో తాకి అంచనా వేయొద్దు. డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి చూసి, టైముతో సహా రాసుకోండి. మలద్వారంలో థర్మామీటర్ గానీ, మందు గానీ పెట్టకూడదు. 100.4 కనిపిస్తే రాత్రయినా సరే బయల్దేరాలి. ఆస్పత్రికి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలని మేం చూసుకుంటాం. జ్వరం లేకపోయినా పాప మత్తుగా పడి ఉన్నా, చలితో వణికినా, చేతులు కాళ్లు చల్లబడినా, వేగంగా ఊపిరి తీస్తున్నా, మూత్రం తగ్గినా, కడుపునొప్పి అన్నా అంతే తొందర. యూనిట్ చెప్పకుండా పారాసెటమాల్ కూడా వద్దు. ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ అసలే వద్దు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు అవి రక్తస్రావం తెచ్చిపెడతాయి.

ఇక జుట్టు. ఏ నూనె రాసినా ఆగదు. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను కొడతాయి. వెంట్రుక కుదురులోని కణాలు అలాంటివే. తల మీది వెంట్రుకల్లో నూటికి 85 నుంచి 90 వరకు ఎప్పుడూ ఎదిగే దశలోనే ఉంటాయి కాబట్టి దాదాపు అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. కీమో మొదలైన 2-3 వారాలకు రాలడం మామూలే. మీ పాపకు సరిగ్గా ఆ సమయానికే మొదలైంది. కనుబొమలు, రెప్పవెంట్రుకలు కూడా తర్వాత పల్చబడొచ్చు. జుట్టు ఎంత ఊడిందన్న దాన్ని బట్టి మందు ఎంత పనిచేస్తోందో చెప్పలేం. దీన్ని చూసి మాత్రం ఒక్క డోసు కూడా ఆపొద్దు. కీమో సమయంలో తలకు పెట్టే చల్లని టోపీల గురించి కూడా వినే ఉంటారు. లుకేమియాలో అవి వాడరు. తల చర్మానికి మందు సరిగా అందకపోతే అక్కడ క్యాన్సర్ కణాలు మిగిలిపోయే ప్రమాదం ఉంది.

నూనెతో గట్టిగా మర్దన చేస్తే ఈ సమయంలో తల మీది చర్మం నొప్పి పుడుతుంది. జిడ్డు పేరుకుంటే కుదుళ్లలో ఇన్ఫెక్షన్ రావచ్చు. వారానికి రెండుసార్లు గోరువెచ్చని నీళ్లు, వాసన లేని పసిపిల్లల షాంపూ, మెత్తటి టవల్‌తో అద్దడం, ఇంత చాలు. చర్మం పొడిబారితే వాసన లేని క్రీమ్ పల్చగా రాయండి. బిగుతు జడలు, హెయిర్ డ్రయ్యర్ వద్దు.

ఆ మాత్రలు, పొడి పక్కన పెట్టేయండి. ‘జుట్టు మాత్రలు’ అని అమ్మేవాటిలో చాలావాటికి ఫోలిక్ యాసిడ్ కలుపుతారు. ఈ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ పని చేసేదే కణాలు ఫోలేట్ అనే బి విటమిన్‌ను (ఫోలిక్ యాసిడ్ దాని రూపమే) వాడుకోకుండా అడ్డుపడి. మీరు ఇంట్లో అదే ఫోలిక్ యాసిడ్ మింగిస్తే మందు పదును తగ్గొచ్చు. మేమూ ఒక్కోసారి ఫోలినిక్ యాసిడ్ ఇస్తాం గానీ, దాని టైము, డోసు లెక్క వేరు. ఇక బయాటిన్ ఎక్కువైతే కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయి. మూలికల పొడిలో ఏముందో ఇచ్చినవాళ్లకే తెలియదు. వేడి చేయని పొడుల్లో బూజు, బ్యాక్టీరియా ఉండొచ్చు. కీమోతో ఇప్పటికే బరువు మోస్తున్న కాలేయం మీద మరో బరువు పడుతుంది. ‘సహజమైనదే కదా’ అని పెట్టి, కాలేయం పరీక్షల్లో అంకెలు పెరిగాక తీసుకొస్తారు. అప్పుడు కీమో వాయిదా పడుతుంది, నష్టపోయేది పాప.

గుండు తప్పనిసరి కాదు, చేయించినా తప్పు లేదు. ఆ మాట పాప నోట రావాలి. ముందు పొట్టిగా కత్తిరిస్తే గుప్పెళ్లుగా రాలిన భయం తగ్గుతుంది. తీసేద్దాం అంటే రేజర్, బ్లేడు తల మీద పెట్టనివ్వకండి. న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు చిన్న గాటు నుంచి కూడా ఇన్ఫెక్షన్ రావచ్చు, రక్తం త్వరగా ఆగదు. శుభ్రం చేసిన ఎలక్ట్రిక్ ట్రిమ్మర్‌కు గార్డ్ తగిలించి 3 నుంచి 6 మిల్లీమీటర్లు వదిలేయండి.

దిండు మీది వెంట్రుకలు దాచడం మానేయండి. ఏడేళ్ల పిల్ల తలలో చెయ్యి పెట్టుకుంటే ఆమెకే తెలుస్తుంది. అమ్మ దాస్తోందంటే ఇంకేదో పెద్దది జరుగుతోందని ఊహించుకుంటుంది. ఈ వయసు పిల్లలు తాము చేసిన తప్పుకు శిక్ష అనుకోవడమూ ఉంది. పక్కన కూర్చుని ఇలా చెప్పండి: “నీ రక్తంలో ఉన్న చెడ్డ కణాలను ఆ మందు కొడుతోంది. వెంట్రుకలు పెంచే కణాలకూ ఆ దెబ్బ తగులుతోంది. నువ్వేం తప్పు చేయలేదు. ఎవరికీ అంటుకోదు. మందులు తగ్గాక మళ్లీ వస్తుంది.” తర్వాత ఆమె అడిగినంతే చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ‘జుట్టేగా’ అని కొట్టిపారేయొద్దు, ఆమెకు అది చిన్న విషయం కాదు. రాలిన వెంట్రుకలు ఒక కవర్లో వేయడం, టోపీ రంగు ఎంచుకోవడం ఆమె పనిగా ఉంచండి. స్టెరాయిడ్ వల్ల ముఖం ఉబ్బుతుందని, చిరాకు వస్తుందని, అవీ తగ్గుతాయని కూడా ఇప్పుడే చెప్పేయండి.

టోపీ లోపల కుట్టు తగలని మెత్తటి కాటన్‌ది కొనండి. ఎండలోకి వెళ్తే అది తప్పనిసరి, మెథోట్రెక్సేట్ వాడుతున్నప్పుడు ఎండకు చర్మం తేలిగ్గా కములుతుంది. విగ్గు కావాలంటే ఇప్పుడే ఫొటో, ఒక చిన్న పాయ తీసి పెట్టుకోండి, రంగు కలపడానికి పనికొస్తాయి. చాలామంది పిల్లలు విగ్గు గుచ్చుకుంటోందని పారేసి టోపీతోనే తిరుగుతారు. బలవంతం చేయొద్దు.

స్కూలుకు ఎప్పుడు పంపాలో మీ డాక్టర్ రక్తకణాల కౌంట్లు చూసి చెప్తారు. పంపేముందు, పాప ఒప్పుకుంటే, టీచర్ క్లాసులో రెండు మాటలు చెప్పాలి. “మందుల వల్ల ఊడింది, మళ్లీ వస్తుంది” అన్న ఒక్క వాక్యం పాపతో ఇంట్లో నాలుగుసార్లు అనిపించండి. అడిగినవాళ్లకు అది చెప్పి ఆటలో పడిపోతుంది. క్లాసులో ఎవరికైనా అమ్మవారు (చికెన్‌పాక్స్), తట్టు (మీజిల్స్) వస్తే అదే రోజు మీకు కబురు పెట్టమనండి. అమ్మవారు సోకిన పిల్లల పక్కన కూర్చుంటే ఇవ్వాల్సిన రక్షణ మందుకు గడువు ఉంటుంది, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది.

గట్టి కీమో ముగిశాక 3 నుంచి 6 నెలల్లో జుట్టు కనిపిస్తుంది. తొలిసారి రంగు మారొచ్చు, ఉంగరాలు తిరగొచ్చు. తలకు రేడియేషన్ ఇస్తే లెక్క వేరు, ఎక్కువ డోసు పడిన చోట రాకపోవచ్చు. పాపను చూడకుండా, రిపోర్టులు లేకుండా రాస్తున్నాను, మీ డాక్టర్ చెప్పినదానికి ఇందులో ఏది భిన్నంగా ఉన్నా ఆయన మాటే పాటించండి. ఆ మాత్రల సీసా, పొడి, సిరప్ సీసా మూడూ సంచిలో వేసుకుని వెళ్లండి. ఇప్పటికే ఏదైనా పట్టించి ఉంటే, ఎన్ని రోజులు, ఎంతెంత అన్నది దాచకుండా చెప్పండి.