విశాఖ వాన మోడల్: టెస్టులో బ్రహ్మాండం, రేపటి వాన మాత్రం తప్పు

విశాఖలో రేపు వాన పడుతుందా అని చెప్పే మీ మోడల్ పాత డేటాతో టెస్టు చేస్తే బాగా చెప్తోంది, అసలు రేపటి వాన మాత్రం తప్పు చెప్తోంది, ఎందుకని అడిగారు. తేడా తేదీల్లో ఉంది, మీరు అంచనాకి వాడిన పద్ధతి రాండమ్ ఫారెస్ట్‌లో కాదు. మోడల్‌కి జవాబు ముందే అందిపోతోంది.

1. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) రోజువారీ వర్షపాతం అర్ధరాత్రి లెక్క కాదు. ఉదయం 8:30కి కొలిచి, అంతకు ముందు 24 గంటల వానని ఆ తేదీ కింద రాస్తారు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది కదా, ఆ మధ్యాహ్నం కురిసిన వాన 13వ తేదీ వరసలో ఉంటుంది.
కాబట్టి 13 వాన చెప్పాలంటే 12 ఉదయం 8:30కి ముందటి తేమ, గాలి, పీడనం మాత్రమే ఇవ్వాలి. మీరు 12వ తేదీ రోజంతటి సగటు తేమ ఇచ్చారు. వాన పడుతుంటే తేమ ఎలాగూ పెరుగుతుంది! అందరూ జారేది ఇక్కడే.
తేమ, గాలి, పీడనం ఈఆర్ఏ5 (యూరప్ వాతావరణ కేంద్రం ఇచ్చే పాత వాతావరణ లెక్కలు) నుంచి తీసుకుంటే, ఆ డేటా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మన 8:30 అంటే అక్కడ 03:00. ఇది సరిచేశాక స్కోరు పడిపోతుంది, కంగారు పడకండి.

2. డేటాని ట్రైనింగ్ (నేర్పే), టెస్టు (పరీక్షించే) భాగాలుగా విడదీసేటప్పుడు రోజుల్ని షఫుల్ చేయడం, అంటే కలగాపులగం చేయడం, ఆపేయండి. లేకపోతే ఒకే వాయుగుండం రోజులు ట్రైనింగ్‌లోనూ టెస్టులోనూ పడతాయి. పాత ఏళ్లతో నేర్పి, చివరి ఏళ్లతో పరీక్షించండి.

3. అక్యూరసీ (మొత్తం రోజుల్లో ఎన్ని సరిగ్గా చెప్పిందన్న లెక్క) వదిలేసి, 2.5 మి.మీ., ఆపైన పడిన రోజుల్లో ఎన్ని పట్టుకుందో చూడండి. ఎక్కువ రోజులు వాన ఉండదు కాబట్టి, రోజూ ‘వాన లేదు’ అన్నా అక్యూరసీ బాగానే వస్తుంది.